కొర్రకొత్త మానితేనే మారుమనస్సా?

అరకులోయ, డుంబ్రిగుడ, అనంతగిరి, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు మండలాల సంఘ కాపరులకు, సువార్తికులకు, స్త్రీల సమాజం పెద్దలకు,



నేను మీ సంఘాల సభ్యుణ్ణి కాను. ఘాట్ రోడ్డు మొదలయ్యే శృంగవరపుకోట వైపు మైదానం మనిషిని, విశ్వాసిని. కొండమీద కూడికలకు వస్తూ పోతూ విన్నవీ చూసినవీ మనసులో పేరుకుపోయాయి. ఏ ఒక్క సంఘానికో రాస్తే ఆ సంఘాన్ని వేలెత్తి చూపినట్టవుతుందని అందరికీ కలిపి రాస్తున్నాను. మీలో చాలామంది నెల జీతమంటూ లేకుండా, వాగులు దాటి, జోరువానలో గొడుగు ఎగిరిపోతుంటే బైబిలు ప్లాస్టిక్ సంచిలో చుట్టుకుని నడిచి వెళ్లేవాళ్లే. ఆ నడకకు గౌరవంతోనే ఈ నాలుగు మాటలు.

క్రిస్మస్ ముందూ, కాఫీ కోత అయిపోయాక జరిగే ఉజ్జీవ సభల్లోనూ సాక్ష్యాలు చెప్పిస్తారు. వాటికో వరస ఉంటుంది. తాగేవాణ్ణి, ఇంట్లో కొట్టేవాణ్ణి, జబ్బు చేస్తే కోడి, తగ్గకపోతే మేక, అదీ కాకపోతే అప్పు. ఎవరో వచ్చి ప్రార్థన చేశారు, ప్రభువు ముట్టాడు, అన్నీ వదిలేశాను. ఇదే వరస అన్ని ఊళ్లలోనూ వినిపించేసరికి పట్నం నుంచి వచ్చినవాళ్లు కొందరు లోలోపల నవ్వుకుంటారు. కొందరు కెమెరా తీస్తారు, ఎందుకంటే ఎక్కడో దాతలకు పంపే ఫొటోలో 'అప్పుడు, ఇప్పుడు' రెండూ కావాలి. (ఈ ఫొటోల గురించి మీరే ఒకసారి కూచుని మాట్లాడుకుంటే బాగుంటుంది. సొంత ఊరివాణ్ణి పరాయి దేశంలో బీదరికం బొమ్మగా నిలబెట్టే సాక్ష్యం ఎవరికి మహిమ తెస్తుందో నాకైతే అర్థం కాదు.)

నాకు మాత్రం ఆ వరస మీద నవ్వు రాదు. భర్త సాక్ష్యం చెబుతున్నంతసేపూ నేను భార్య వైపు చూస్తాను. ఆమె తలూపితే ఆ మాటకు నా లెక్కలో రుజువు దొరికినట్టే. కొండమీద కాఫీ వేసిన ఇళ్లలో పెద్ద మొత్తం చేతికొచ్చేది ఏడాదికి ఒక్కసారి, పండు అమ్మినప్పుడు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అంతకు రెండేళ్ల ముందే పారిస్‌లో ఆ పేరుతో దుకాణం వెలిసింది. సంతోషమే. కానీ ఆ పేరు ఒక ఇంటికి ఏం తెచ్చిందో తేలేది డబ్బు అందిన వారంలో. సంతలో సారా దగ్గర ఆగకుండా డబ్బు ఇల్లు చేరిందా? తాకట్టు పెట్టిన వస్తువు తిరిగొచ్చిందా? ఆశ్రమ పాఠశాలలో చదివే పిల్లకి పెట్టె కొన్నారా? నేను చూసిన మారుమనస్సులు ఇలాంటి చోట్లే కనిపించాయి. అందుకే ఒక మనవి. సాక్ష్యం చెప్పే మనిషితోపాటు, సంఘంలో లేని పక్కింటివాళ్లని కూడా ఒకసారి మాట్లాడమనండి. ఇతను మారాడా లేదా అన్నది మనకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది. వాళ్లు మొహమాటపడరు కూడా.

తాగుడు మానమనే మాటను కొండకి మోసుకొచ్చింది మనమే అనుకుంటే పొరపాటు. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడికి ముందే అల్లూరి సీతారామరాజు గూడేలు తిరిగి తాగుడు మానమనీ, తగువులు కోర్టుకెక్కకుండా పంచాయతీలో తీర్చుకోమనీ చెప్పాడు. ఇంకా వెనక్కి వెళితే, 1879లో రంప తిరగబడడానికి ఉన్న కారణాల్లో కల్లు మీద వేసిన పన్ను ఒకటి. కల్లు ఈ కొండల్లో ఒకప్పుడు హక్కు, మరొకప్పుడు జాడ్యం, ఎప్పుడూ మర్యాద. తగువు తీరినప్పుడు, చావు ఇంట, పెళ్లి మాటలప్పుడు జీలుగు కల్లు దోసిట్లో పోస్తారు. చెట్టు గీసుకుని బతికే ఇల్లూ ఉంది. ఆ కల్లునీ, సీసాల్లో వచ్చి ఇల్లు గుల్లచేసే చీప్ లిక్కరునీ ఒకే గాటన కట్టి తిట్టే ప్రసంగం విన్నప్పుడు ఈ ప్రసంగీకుడు కొండమీద ఒక్క రాత్రయినా ఉన్నాడా అనిపిస్తుంది.

మైదానంలో మా అనుభవం కూడా వినండి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద లేచారు. ఆ ఊపు 1995లో రాష్ట్రమంతటా మద్య నిషేధం దాకా వెళ్లింది. రెండేళ్లకే నిషేధం సడలిపోయింది. ప్రభుత్వ ఉత్తర్వు నిలబెట్టలేనిదాన్ని రేకుల షెడ్డులో నడిచే మీ కూడిక కొన్ని ఇళ్లలో ఏళ్ల తరబడి నిలబెట్టింది. ఎలా? నాకు తోచిన సమాధానం సాయంత్రం. తాగుడు మానినవాడికి మొదట పోయేది సారా కాదు, సావాసం. పొద్దు వాలాక జీలుగు చెట్టు కింద కూచునే గుంపే అతని లోకం. కష్టం చెప్పుకునేదీ, పని మాట్లాడుకునేదీ, రేపెవరి పొలంలో ఎవరు సాయానికి వెళ్లాలో తేల్చుకునేదీ అక్కడే. ఆ గుంపులోంచి లేచి వచ్చినవాడికి మీరు ఇంకో గుంపునిచ్చారు. చాప, హరికేన్ లాంతరు పోయి వచ్చిన ఎల్ఈడీ బల్బు, రెండు పాటలు, ప్రార్థన, ఇంటిదాకా తోడు. వారానికొక్కసారి ఆదివారం గుడికి రప్పిస్తే ఇది జరిగేది కాదు. వేదాంతం చదువుకున్నవాళ్లు దీన్ని కృప అంటారు, నేనూ అంటాను. కానీ ఆ కృప చాప మీద కూచుని పనిచేసింది. అందుకే సాయంత్రం కూడికలు తగ్గించి, ఆ బలమంతా స్టేజీ, సౌండు సిస్టం, పట్నం ప్రసంగీకుల సభల మీద పెడుతున్న సంఘాలను చూస్తే దిగులేస్తుంది.

ఇక భయం. మీ సంఘాల్లో చేరిన చాలామందికి సువార్త మొదట చేసిన మేలు భయం తీర్చడమే. రాత్రి బయటికి వెళ్లాలంటే భయం, పిల్లకి జ్వరమొస్తే ఎవరి కన్ను పడిందోనని భయం, ముహూర్తాలు చూసే దిసారి చెప్పిన రోజు కాకుండా విత్తితే ఏమవుతుందోనని భయం. అన్ని శక్తులకూ పైన ఒకడున్నాడు, ఆయన నీవైపున్నాడు అన్న మాటకు ఆ చీకట్లో ఎంత విలువో కరెంటు వెలుగులో పుట్టినవాళ్లకు తెలియదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు సరిపడదు.

అయితే ఆ భయం బాప్తిస్మంలో మునిగి చచ్చిపోతోందా, లేక ఒడ్డున బట్టలు మార్చుకుని మళ్లీ సంఘంలోకే వస్తోందా? చిల్లంగి (చేతబడి) పెట్టాడన్న అనుమానంతో మనిషిని కొట్టి చంపిన వార్తలు ఏజెన్సీ నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. ప్రార్థనలో దయ్యాన్ని గద్దిస్తూ 'నిన్ను పంపింది ఎవరు?' అని అడిగే అలవాటు కొన్నిచోట్ల చూశాను. జ్వరం మత్తులో ఉన్న పిల్ల ఏదో ఒక పేరు పలుకుతుంది. ఆ పేరుగల ముసలమ్మ ఆ ఊళ్లోనే ఉంటుంది. తెల్లారాక ఆమె గతేమిటి? దయచేసి ఆ ప్రశ్న ఇకమీదట అడగకండి. గద్దించండి, ప్రార్థించండి, పేరు మాత్రం అడగకండి. అడిగేవాణ్ణి ఆపే అధికారం మీకుంది.

కొండ జబ్బుల సంగతీ ఇందులోదే. మెదడుకెక్కిన మలేరియాలో మనిషి పెనుగులాడతాడు, కేకలు వేస్తాడు, అయినవాళ్లను గుర్తుపట్టడు. చూసేవాళ్లకు అది పట్టినట్టే ఉంటుంది. ఆశా కార్యకర్త దగ్గరున్న కిట్టుతో వేలి మీద ఒక్క చుక్క తీస్తే కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. సికిల్ సెల్ ఇంకా మోసకారి. రక్తకణాలు కొడవలి ఆకారానికి వంగి సన్నని నాళాల్లో చిక్కుకుంటాయి. ఎముకల్లో ప్రాణం తోడేసే నొప్పి వస్తుంది, కొన్నాళ్లకు దానంతట అదే తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. ఒకే ఇంట్లో పిల్లలు వరసగా పోతారు. వచ్చి పోయే నొప్పి, ఒకే ఇంటిని పట్టుకున్న చావు. చిల్లంగి అనిపించడానికి ఇంతకంటే ఏం కావాలి? ప్రార్థన చేసిన వారానికి నొప్పి తగ్గితే స్వస్థత అని ప్రకటించడం తేలిక. మూడు నెలలకు మళ్లీ వచ్చినప్పుడు ఆ కుటుంబం విశ్వాసం చాలలేదని నింద మోస్తుంది. దీనికి రక్తపరీక్ష ఉంది, నొప్పి దాడులు తగ్గించే హైడ్రాక్సీయూరియా మాత్రలున్నాయి. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది, పరీక్ష చేయించుకున్నవారికి కార్డులిస్తారు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లి ప్రకటన చదివే ముందు వధూవరుల కార్డులు అడిగి చూసే సంఘం ఈ లోయలో ఒక్కటుంటే చాలు, మిగతావి నేర్చుకుంటాయి. ప్రకటన మీరు ఎలాగూ మూడు ఆదివారాలు చదువుతారు కదా.

ఇప్పుడు అసలు తగువుకి వస్తాను. మారినవాడు ఏం వదలాలి?

మా మైదానం క్రైస్తవుల కథలో ఒంగోలు పేరు పెద్దది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. దానికి పన్నెండేళ్ల ముందే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద విశ్వాసి అయ్యాడు, ఆయన వెంట ఆ కులమే కదిలింది. ఆ ఉద్యమం నడిపిన జాన్ క్లౌ కొత్త విశ్వాసులకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన పశువు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వీటిలో రెండోది చూడండి. చచ్చిన గొడ్డుని మోసుకెళ్లడం, ఆ మాంసమే కూలిగా తీసుకోవడం, ఊరి జాతరలో డప్పు కొట్టడం ఇవన్నీ కలిసి ఒక వెట్టి. ఆ మాంసం మాకొద్దు అన్న రోజున రైతులు మండిపడింది మతం మారినందుకు కాదు, చాకిరీ ఆగినందుకు. ఆ నియమం మెడలో తాడు తెంచింది.

కానీ అదే ఊపులో మా పేటలు డప్పుని కూడా వదిలేశాయి. డప్పు కొట్టి తీరాలని శాసించే పెత్తనాన్ని వదిలించుకోవడం వేరు, డప్పునే వదిలెయ్యడం వేరు. మేం రెండూ కలిపి పారేసి హార్మోనియం తెచ్చుకున్నాం. నూరేళ్లు పోయాక దళిత ఉద్యమం డప్పుని సగౌరవంగా తిరిగి చేతికిచ్చేదాకా ఆ పోయినదేమిటో మాకు తెలియలేదు. మీ తుడుమునీ, మోరినీ, కిరిడినీ చూసినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది. వెట్టికి కొట్టిన డప్పు కూడా కావవి. ఎవరి పెత్తనం కిందా మోగని వాయిద్యాలు.

కొర్రకొత్త పండగ విషయంలో నా మాట ఇది. భాద్రపదంలో కొర్ర పండుతుంది. కొత్త గింజ దేవతకు పెట్టకముందు ఎవరూ నోట పెట్టరు. సామకీ, కందికీ, మామిడికీ ఇదే కట్టుబాటు. ఈ కొత్తలు చేసేవాళ్లు అన్యులనీ, వాటి దరిదాపుల్లోకి పోరాదనీ మీలో కొందరు బోధిస్తారు. ఒక్కసారి లేవీయకాండం 23వ అధ్యాయం తీసి మొదటి పన గురించి చెప్పిన భాగం చదవండి. కోసిన పంటలో మొదటి పనను యాజకుడి దగ్గరికి తెచ్చి అర్పించేదాకా ఇశ్రాయేలీయులు కొత్త ధాన్యంతో రొట్టె గానీ, వేయించిన గింజ గానీ, పచ్చి వెన్ను గానీ తినరాదు. కొండ కట్టుబాటుకీ దీనికీ ఉన్న దగ్గరితనం చూసి నేనైతే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎవరికి అర్పిస్తున్నామన్నది తేడా, కాదనను. మీకు అదే పెద్ద తేడా, అలాగే ఉండాలి కూడా. కానీ ముందు ఇచ్చినవాడికి, తర్వాత నాకు అనే క్రమశిక్షణ ఒకటే. మైదానంలో లూథరన్, సీఎస్ఐ, బాప్టిస్టు గుళ్లలో కోత పండుగ అని గుమ్మడికాయలు, కోళ్లు, బియ్యం బస్తాలు తెచ్చి వేలం వేస్తాం, ఎంతో సరదాగా. మాకు లేని అభ్యంతరం మీకెందుకు? కొర్ర మొదటి పనను గుడికి తెప్పించండి. తుడుము మోగించండి. కొత్త తినే కట్టుబాటు తెంచకుండా అర్పణ పేరు మార్చండి.

దోర్నకల్ అజరయ్య బిషప్పు ఈ దారి ఎప్పుడో పట్టాడు. 1912లో అభిషేకం పొందిన మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు ఆయన. 1939 జనవరిలో ప్రతిష్ఠ చేసిన దోర్నకల్ కెతీడ్రల్లో గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి. ఊరి నుంచి విడిపోయిన గుడి కాకుండా, ఊరివాళ్లు తమదని గుర్తుపట్టే గుడి కావాలనుకున్నాడు. తాగుడు విషయంలో, అప్పుల విషయంలో మాత్రం ఆయన చాలా కఠినం. ఎక్కడ గట్టిగా ఉండాలో, ఎక్కడ మెత్తబడాలో ఆ మనిషికి తెలుసు.

బలి మాంసం సంగతి ఇంత తేలిక కాదని ఒప్పుకుంటాను. ఊరి పండగకి ఇంటింటికీ చందా, వేటకి ఇంటింటికీ వాటా. విశ్వాసి చందా ఇవ్వడు, వాటా తీసుకోడు. ఊరు అతన్ని నీళ్ల దగ్గర, సాయం పని దగ్గర, పెళ్లి దగ్గర పక్కన పెడుతుంది. ఇరవై ఇళ్ల గూడెంలో ఆరిళ్లు పక్కకు జరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కొరింథులోనూ ఇదే గొడవ. పౌలు మొదటి పత్రికలో ఎనిమిదో అధ్యాయం నుంచి పదో అధ్యాయం దాకా దీనితోనే కుస్తీపట్టాడు. అంగట్లో అమ్మేది ఆరా తియ్యకుండా తినమన్నాడు. విందుకు పిలిస్తే వెళ్లమన్నాడు. ఇది బలి ఇచ్చినదని ఎవరైనా చెబితే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం మానమన్నాడు. విగ్రహపు బల్ల దగ్గర కూచోవద్దనీ అన్నాడు. ఒక్క ముక్కలో తేలే విషయమైతే మూడు అధ్యాయాలు పట్టేదా? కాబట్టి ఒక్క 'వద్దు'తో తేల్చకండి. పూజకు చందా ఇవ్వలేమనుకుంటే దారి పనికి, బోరు మరమ్మతుకు, పండగనాటి వంట చెరకుకు రెట్టింపు ఇవ్వండి. ముందుగా ఊరి పెద్దల దగ్గర కూచుని చెప్పి ఇవ్వండి. అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులు యూదులు కానక్కర్లేదని యెరూషలేములో తేల్చినట్టు అపొస్తలుల కార్యములు 15లో ఉంది. ఆదివాసి విశ్వాసి మైదానం మనిషి కానక్కర్లేదని మనం ఇంకా గట్టిగా చెప్పుకోలేదు.

థింసా నాట్యం గురించి ఎక్కువ చెప్పను. టూరిస్టు రిసార్టులో డబ్బులిచ్చి ఆడించే థింసాకి విశ్వాసి కుటుంబం పిల్ల కూడా వెళుతుంది, మీకు తెలుసు. సొంత ఊళ్లో పెళ్లికి నడుముల వెనక చేతులు కలిపి అదే అడుగు వేస్తే మాత్రం ప్రభువు బల్ల నుంచి ఆపుతారు. ఇందులో తర్కమేదో నాకు దొరకలేదు.

ఈ ఆచారాల తగువు వెనక చట్టం కోణం కూడా ఉంది. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. ఎస్సీల విషయంలో ఉంది, హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు దాటితే హోదా పోతుంది. ఎస్టీలకు అలా కాదు. బాప్తిస్మం తీసుకున్న వాల్మీకి వాల్మీకే, కోందు కోందే, పోర్జా పోర్జాయే. చట్టం దృష్టిలో విశ్వాసం వేరు, తెగ వేరు. మతం మారినవారిని జాబితాలోంచి తీసెయ్యాలనే డీలిస్టింగ్ డిమాండు కొన్నేళ్లుగా గట్టిగా వినిపిస్తోంది. వాళ్ల వాదనేమిటి? వీళ్లు తెగ ఆచారాలు వదిలేశారు కాబట్టి తెగవాళ్లు కారు అని. ఆ వాదన తప్పని కోర్టులో వకీలు చెబుతాడు సరే, గుళ్లో మనం బోధించేది అదే వాదనకు సాక్ష్యమైతే ఎలా? ఇదే తూర్పు కనుమల్లో, ఒడిశా కంధమాల్‌లో 2007 డిసెంబరులో, మళ్లీ 2008 ఆగస్టులో జరిగిన మతదాడులు మర్చిపోలేం. చనిపోయినవారిలో ఎక్కువమంది క్రైస్తవులు. వేలమంది అడవుల్లో తలదాచుకున్నారు. ఆ పాపం దాడి చేసినవాళ్లదే, అందులో సందేహం లేదు. కానీ భూమి తగువులూ, హోదా తగువులూ ఏళ్ల తరబడి ముదిరి మతం పేరు తగిలించుకున్నాక ఆపడం ఎవరి తరమూ కాలేదన్నది కూడా అక్కడి పాఠమే. మీ గూడేల్లో పలకరింపులు ఇంకా తెగలేదు. గ్రామసభలో విశ్వాసులూ మిగతావాళ్లూ ఒకే చాప మీద కూచుంటున్నారు. బాక్సైట్ తవ్వకాలకు ఎదురు నిలిచినప్పుడు ఎవరి గుడి ఏదని ఎవరూ అడగలేదు. గిరిజనేతరుల గనుల లీజులు చెల్లవన్న 1997 సమతా తీర్పు అనంతగిరి మండలం భూముల మీద వచ్చిందే కదా, అది అందరి భూమినీ కాపాడింది.

భాష సంగతి. కువి మాట్లాడే గూడెంలో తెలుగు ప్రసంగం, తెలుగు పాట, తెలుగు ప్రార్థన. పిల్లలకు అర్థమవుతుంది, ముసలివాళ్లు గౌరవంగా కూచుంటారు. సాలూరు జర్మన్ లూథరన్ మిషనరీ షుల్జె 1911లోనే కువి వ్యాకరణం అచ్చువేయించాడు. గిడుగు రామమూర్తి గారు క్రైస్తవుడు కాకపోయినా సవరల భాష నేర్చి, దానికి బడులు పెట్టి, 1931లో అచ్చయిన సవర వ్యాకరణం రాశారు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు మీ అరకు చుట్టుపక్కల కొండదొరల నోట విన్న కూబి మీద 1969లో పుస్తకం తెచ్చారు. పండితులకు పనికొచ్చిన మాట పాటకు పనికిరాదా? ప్రార్థన కన్నతల్లి మాటలో చేసుకున్న ముసలాయన ముఖం ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

సవరల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పియర్స్ విటెబ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త నలభై ఏళ్లు సవరల ఊళ్లకు వచ్చిపోయి 2017లో ఒక పుస్తకం ప్రచురించాడు. చనిపోయినవాళ్లతో పూనకంలో గంటల తరబడి మాట్లాడుకునే జనం, ఒక తరంలో బాప్టిస్టులై ఆ మాటలు ఆపేసిన కథ అది. చదువు వచ్చింది, భయాలు తగ్గాయి, కొత్త జీవితం వచ్చింది. దాంతోపాటు పోయినవాళ్ల కోసం ఏడ్చే చోటు పోయింది. పూనకం తిరిగి తెమ్మని నేనడగను. కొడుకు పోయిన తల్లికి 'ప్రభువు దగ్గరున్నాడు, ఏడవకమ్మా' అని ఒక్క మాట చెప్పి సమాధి దగ్గర నుంచి త్వరగా లేపకండి, అంతే. లాజరు సమాధి దగ్గర ఆయనే ఏడ్చాడు.

చివరగా, మీరు వేదిక మీద తక్కువగా మాట్లాడే విషయం. గంజాయి. 2021లో పోలీసులు ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏజెన్సీలో సుమారు 7,500 ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల సరుకు కుప్పపోసి తగలబెట్టారు. తోటలు చాలావరకు పోయినా మోత పోలేదు, ఒడిశా వైపు నుంచి సరుకు ఈ దారులగుండానే దిగుతుంది. పెట్టుబడి పెట్టేది మైదానం వాడు, అమ్ముకునేది దూరపు పట్నం వాడు, మధ్యలో కాలిబాట తెలిసిన మన కుర్రాడు పట్టుబడతాడు. కొన్ని సంఘాల్లో కొత్త బైకులు, కొత్త సౌండు బాక్సులు వచ్చినప్పుడు కానుక ఎక్కణ్ణుంచి వచ్చిందని ఎవరూ అడగలేదేమోనని నాకు అనుమానం. జక్కయ్య ఇంటికి యేసు వెళ్లినప్పుడు అతను సాక్ష్యం చెప్పలేదు, లెక్క చెప్పాడు. సగం ఆస్తి బీదలకు, మోసగించిన వారికి నాలుగింతలు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ఆయన ప్రకటించింది ఆ లెక్క విన్నాకే. ఆ ప్రశ్న మీ సంఘ కమిటీల్లో అడగడానికి ధైర్యం కావాలి. అడిగినవాడు ఒక్కోసారి పదవి కూడా పోగొట్టుకోవచ్చు.

విశాఖ సెంట్రల్ జైల్లో గంజాయి కేసుల్లో ఉన్న కొండ కుర్రాళ్ల దగ్గరికి ములాఖత్‌కి వెళ్లేవాళ్లు తక్కువ. బస్సు ఛార్జీలకే తల్లిదండ్రుల దగ్గర డబ్బుండదు. ఇద్దరు కాపరులు కలిసి నెలకొకసారి వెళ్లండి. విశ్వాసి కొడుకునీ, జాకర దేవతకు మొక్కే ఇంటి కొడుకునీ ఇద్దరినీ పేరుపెట్టి పిలిపించండి. బెయిలు మీద వచ్చినవాడు ఊళ్లోకి దిగిన మొదటి వారం ఎక్కడికి వెళతాడు? మోత ఇప్పించినవాడు ఎలాగూ ఫోను చేస్తాడు. వాడికంటే ముందు మీరు వెళ్లి, ఎవరి తోటలోనైనా మిరియాల తీగల పనో, పల్పింగు పనో మాట్లాడిపెట్టండి. సాయంత్రం కూడికకు రమ్మనండి. రాకపోతే మర్నాడు మళ్లీ వెళ్లండి.

మీ సహోదరుడు,
శృంగవరపుకోట వైపు నుంచి